వంటింటి గోడకు ఆరంగుళాల కన్నం

పండగ దగ్గరపడితే చాలు, పేపర్లలోనూ టీవీలోనూ వంటింటి చిమ్నీల ప్రకటనలు మొదలవుతాయి. నవ్వుతూ నిలబడ్డ ఇల్లాలు, ఆమె తలపైన తళతళలాడే గాజు చిమ్నీ, పక్కనే కానుక ఇచ్చిన తృప్తితో భర్త. ఈ పండక్కి మీ శ్రీమతికి ఏమిస్తున్నారని ఒక ప్రశ్న. నిన్నటిదాకా పట్టుచీర, నగ. ఇప్పుడు చిమ్నీ. నేనడిగేది ఒకటే. లేత్ మిషను దగ్గర పనిచేసే కార్మికుడికి ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించిన యజమాని దాన్ని పండగ కానుక అంటాడా? అంటే కార్మికులు ఊరుకుంటారా? పనిచేసే చోట పీల్చే గాలి కానుక ఎట్లా అవుతుంది? అది హక్కు. ఆ హక్కు వంటింటి గడప దాటి లోపలికి ఎందుకు రాలేదన్నదే ఇక్కడ నేను మాట్లాడదల్చుకున్న విషయం.

నేను సూళ్లూరుపేటలో ఉంటాను. రోజూ బస్సెక్కి దగ్గర్లోని పారిశ్రామికవాడలో ఒక ఎలక్ట్రానిక్ ఫ్యాక్టరీకి పనికి పోతాను. మా లైనులో దాదాపు అందరం ఆడవాళ్ళమే. సోల్డరింగ్ చేసే ప్రతి బల్ల దగ్గరా ఏనుగు తొండం లాంటి గొట్టం ఒకటి వంగి ఉంటుంది. దారప్పోగులా లేచే పొగను అది అక్కడికక్కడే లాగేస్తుంది. అది పనిచేయకపోతే బల్ల ఆపేయాల్సిందే.

ఇది కంపెనీవాళ్ళ మంచితనం కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్‌లోనే ఈ సంగతి ఉంది. పనివాళ్ళకు హాని చేసే దుమ్మూ పొగా గదంతా కమ్ముకోకముందే, అవి పుట్టిన చోటికి వీలైనంత దగ్గర్లోనే లాగేసే ఏర్పాటు ఉండాలని ఆ సెక్షన్ సారాంశం. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలోకి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 వచ్చింది. కొత్త కోడ్‌ల మీద కార్మిక సంఘాలకు చాలా అభ్యంతరాలున్నాయి, వాటి గురించి వేరుగా మాట్లాడుకోవాల్సిందే. కానీ గాలి ఆడే, దుమ్మూ పొగా లేని పనిచోటు కల్పించాల్సిన బాధ్యత యజమానిదేనన్న సూత్రం అందులోనూ ఉంది.

సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి వెలిగిస్తాను. ఎండుమిరపకాయలు నూనెలో పడగానే ఇల్లంతా దగ్గు. మధ్యాహ్నం మూడింటికి చట్టం కాపాడిన ఊపిరితిత్తులు, రాత్రి ఏడింటికి ఎవరికీ పట్టవు. ఊపిరితిత్తులు అవే, మనిషీ అదే. మారిందల్లా ఒకటే, ఇక్కడ జీతం లేదు. జీతం లేని చోట చట్టం కూడా లేదు.

వంట పని కాదా? 2019లో కేంద్ర ప్రభుత్వమే జరిపిన కాల వినియోగ సర్వే ఏం చెప్పిందో చూడండి. ఇంటి మనుషుల కోసం జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి 299 నిమిషాలు దానికి ఖర్చుపెడుతున్నారు. అంటే అయిదు గంటలకు ఒక్క నిమిషం తక్కువ. మగవాళ్ళలో అట్లాంటి పని చేసేవాళ్ళే నూటికి 26 మంది, వాళ్ళు చేసేది 97 నిమిషాలు. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక రోడ్డు ప్రమాదం కేసులో ఈ లెక్కల్నే ముందు పెట్టుకుంది. గృహిణి చేసే పనికి విలువ ఉందని, నష్టపరిహారంలో దాన్ని లెక్కకట్టాల్సిందేనని జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా ఒక తీర్పే రాశారు. మంచిదే. కానీ గమనించండి, ఆ లెక్క తేలాలంటే ముందు ఆ ఇల్లాలు రోడ్డు మీద చనిపోవాలి. చచ్చిపోయాక విలువ కట్టే శ్రమకి, బతికుండగా పీల్చుకోను గాలి ఇవ్వరా?

ఇల్లు పనిచోటు కాదనేవాళ్ళకు ఇంకో మాట. పనిచేసే చోట లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం, పనిచోటు అన్నమాటకి అర్థం చెబుతూ నివాసగృహాన్ని కూడా అందులో చేర్చింది. ఇళ్ళల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళ పోరాటం వల్ల వచ్చిన మాట అది. ఒక విషయంలో ఇల్లు పనిచోటు అయినప్పుడు, గాలి విషయంలో ఎందుకు కాకుండా పోతుంది?

‘‘గ్యాసొచ్చింది కదమ్మా, ఇంకా పొగెక్కడిది?’’ అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా అత్తయితే ఇంకో మాట అంది: ‘‘మేమంతా పొగలో వండలా? బతకలా?’’ రెండు ప్రశ్నలకీ జవాబు చెప్పాలి.

గ్యాసు రావడం చిన్న విషయం కాదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చాయి. కట్టెల పొయ్యి ముందు కళ్ళు నులుముకునే బాధ లక్షలమందికి తగ్గింది. కానీ పొగ కట్టెల నుంచే వస్తుందనుకోవడం పొరపాటు. కాగిన నూనెలోంచి లేచే ఆవిరి, మాడిన పోపు, వేపుళ్ళ ఘాటు, వీటిలో కంటికి కనపడని సన్నని నలకలుంటాయి. గ్యాసు మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వెలువడే పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే జాబితాలో పెట్టింది. కట్టెలు, పిడకల పొగ కూడా అదే జాబితాలో ఉంది. ఇంట్లో బొగ్గు కాల్చినప్పుడు వచ్చే పొగనైతే నిస్సందేహంగా క్యాన్సర్ కారకమేనంది. గ్యాసు పొయ్యి కట్టెల పొయ్యికన్నా ఎన్నో రెట్లు మేలు, సందేహం లేదు. అయితే మేలు అన్నంతమాత్రాన గాలి అక్కర్లేదని కాదు.

ఇక మా అత్త తరం ఎట్లా బతికిందంటే, వాళ్ళది పెంకుటిల్లు. పొగ పెంకుల సందుల్లోంచి, పైన వదిలిన గవాక్షంలోంచి ఎంతో కొంత బయటికి పోయేది. మనం శ్లాబు వేసుకున్నాం. పైకి లేచిన పొగ కాంక్రీటుకు తగిలి తిరిగి కిందికే దిగుతోంది. దానికి తోడు వాస్తు. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలట. మా తీరంలో వేసవి మధ్యాహ్నాలు సముద్రపు గాలి తూర్పు నుంచీ, ఆగ్నేయం నుంచే వీస్తుంది. కిటికీ తీస్తే పొగ బయటికి పోదు, ఎదురుతిరిగి హాల్లోకి వస్తుంది. హాల్లోకి వస్తే మగవాళ్ళు దగ్గుతారు. అందుకని వంటింటి తలుపు మూసేస్తారు. లోపల ఎవరుంటారో చెప్పాలా?

అత్తలందరూ బతికారన్నమాట కూడా నిజం కాదు. 2020లో ఇళ్ళల్లోని వంట పొగ వల్ల ప్రపంచం మొత్తంమీద ఏడాదికి 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో 2 లక్షల 37 వేల మందికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలు. ఆయాసం, గుండెజబ్బు, కంటిపొర అని మనం విడివిడిగా పిలుచుకున్న జబ్బుల వెనక పొయ్యి ఉందని ఆ తల్లులకు ఎవరూ చెప్పలేదు.

నేను చేసిన పని చెబుతాను. ఎవరైనా చేసుకోగలరని చెప్పడానికే.

షాపులో చిమ్నీలు చూశాను. ఏటవాలుగా, పల్చగా ఉన్న గాజుపలకలు. చూడ్డానికి అందంగా ఉన్నాయి. కానీ వేడిపొగ పైకి లేచేకొద్దీ వెడల్పవుతుంది. దాన్ని పట్టాలంటే పైన గూడు పొయ్యి కన్నా వెడల్పుగా, గంటలాగా లోతుగా ఉండాలి. పల్చటి పలకకి ఆ లోతెక్కడిది? గొట్టం అక్కర్లేని చిమ్నీలని మరో రకం. పొగను బొగ్గుపొడి జల్లెడలోంచి లాగి మళ్ళీ వంటింట్లోకే వదులుతాయి. వాసన కాస్త తగ్గొచ్చు గానీ తడి, వేడి, మంట నుంచి వచ్చే వాయువులు ఎక్కడివక్కడే ఉంటాయి. గోడకు కన్నం కొట్టనివ్వని ఇళ్ళకోసం కంపెనీలు కనిపెట్టిన ఉపాయం అది. చిమ్నీ ఉన్నట్టు కనిపిస్తుంది, మనిషి పీల్చే గాలిలో పెద్దగా మార్పుండదు.

చివరికి మద్రాసులో, పుదుప్పేట పాత సామాన్ల బజారులో దొరికింది నాక్కావాల్సింది. ఏదో పాత బంగళా పడగొడితే వచ్చిన పొగగూడు. మందపాటి ఉక్కు రేకు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, వెనక ఉడత పంజరం లాంటి చక్రమున్న బ్లోయరు. అమ్మినతను అరవై ఏళ్ళనాటిదన్నాడు. నిజమో కాదో గాని, బరువు చూస్తే నమ్మబుద్ధేసింది. తూకం లెక్కన 2,600 రూపాయలు. వ్యాన్ కిరాయి 600. ఊళ్ళో మోటారు వైండింగుకి 900, రేకు గొట్టానికి, టోపీకి 1,700, తోమి రంగు వేయడానికి 800, మేస్త్రీకి, కరెంటు పనికి కలిపి 1,200. మొత్తం 7,800. కొత్తవాటిలో నాకు నచ్చినదాని ధర ఇంతకు రెట్టింపు పైనే.

పాత వస్తువు తెచ్చుకునేవాళ్ళు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని గట్టిగా అదుపుచేసే నియమం అమల్లోకొచ్చింది 2017లోనే. అందుకని పొడిగా గీకకూడదు, తడిపి రుద్దాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. గుడ్డ చుట్టిన పాత తీగలు మొత్తం తీసేయించి కొత్తవి వేయించాలి, ఎర్త్ తీగ తప్పనిసరి. లోపల పేరుకున్న జిడ్డుని చాకలిసోడా వేసిన వేడినీళ్ళతో కడగాలి, లేకపోతే ఏదో ఒకరోజు దానికి మంట అంటుకుంటుంది. గూడు అంచు పొయ్యికి రెండున్నర అడుగుల ఎత్తులో ఉంటే చాలు. బరువు గోడ ఒక్కటే మోయకుండా శ్లాబు కొక్కేల నుంచి గొలుసులు వేయించాను. గొట్టం ఆరంగుళాలది, నున్నటి జీఐ రేకుది, వీలైనంత పొట్టిగా, ఒక్క మలుపుతో. మా వంటిల్లు 8 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. అంటే 560 ఘనపుటడుగులు, దాదాపు 16 ఘనపు మీటర్లు. గంటకు ఇరవైసార్లు గాలి మారాలనుకున్నా 320 ఘనపు మీటర్లు లాగితే సరిపోతుంది. కంపెనీవాళ్ళు అట్టపెట్టె మీద వేసే గంటకు 1,200 అన్న అంకె చూసి హడలిపోనక్కర్లేదు. గొట్టం సన్నగా ఉన్నా, మలుపులెక్కువైనా ఆ అంకె ఎటూ పడిపోతుంది. లోపలికి గాలి రావడానికి ఒక తలుపో కిటికీయో తెరిచి ఉంచాలి. బయట చివర రేకు టోపీ, దాని లోపల వెనక్కి గాలి కొట్టకుండా తనంతట మూసుకునే రెక్క ఉండాలి. కార్తీకంలో ఈశాన్యపు గాలి లేస్తే రెక్క లేని గొట్టం పొగను మళ్ళీ ఇంట్లోకే నెడుతుంది. పులికాట్ ఉప్పుగాలికి రేకు తుప్పు పడుతుంది కాబట్టి ఏడాదికోసారి రంగు వేయాలి.

ఇదంతా రాకెట్ విద్య కాదు. వైండింగు చేసినతను, రేకు వంచినతను, మేస్త్రీ అందరూ ఊళ్ళోవాళ్ళే. రెండురోజుల పని. మరి ఎక్కడ ఆగింది? గోడ దగ్గర ఆగింది.

మేముండేది అద్దెయిల్లు. కన్నం కొట్టాలని నేనడిగితే ఇంటి యజమాని నాతో మాట్లాడలేదు. ‘‘గోడకి బొక్క కొడతానంటే ఎట్టమ్మా? మీ ఆయన్ని పిలువు, మాట్లాడతా’’ అన్నాడు. వండేది నేను, దగ్గేది నేను, డబ్బు పెట్టేది నేను, మాట్లాడాల్సింది మాత్రం ఆయన. చివరికి గోడ ముట్టుకోకుండా వెంటిలేటరులో ఒక అద్దం తీయించి, ఆ చోట రేకు బిగించి, దాంట్లోంచి గొట్టం బయటికి పంపాం. వెళ్ళేటప్పుడు అద్దం తిరిగి పెట్టిస్తామని కాగితం కూడా రాసిచ్చాం. అయినా గొడవ ఆగలేదు. పులికాట్ ఎండురొయ్యలు వేయించిన రోజు మళ్ళీ వచ్చాడు. ‘‘మీరు తినేది మీ ఇంట్లోనే పెట్టుకోండి. నీచు వాసన మా మీదికి తోలబాకండి’’ అన్నాడు. నీచు వండే రోజుల్లో ఆ ఫ్యాను వేయకూడదట. వేస్తే ఖాళీ చేయాలట. ఆ మాట మీద నాలుగు నెలలుగా వాదన నడుస్తూనే ఉంది, నేను ఫ్యాను వేస్తూనే ఉన్నాను.

ఈ మాటలో ఏముందో విప్పి చూడండి. చేపలు, రొయ్యలు వండుకునే కులాలకు ఇల్లు ఇవ్వడమే కష్టం. ఇచ్చినా ఆ వాసన గోడ దాటకూడదు. గోడ దాటకపోతే ఎక్కడికి పోవాలి? వండే ఆడదాని ముక్కులోకి పోవాలి. పక్కింటివాళ్ళ ముక్కుకి రక్షణ కావాలి, ఆమె ఊపిరితిత్తులకు అక్కర్లేదు. కులమూ పితృస్వామ్యమూ ఇంత చక్కగా చేతులు కలిపేచోటు వంటింటి గోడ కన్నా ఇంకోటి ఉంటుందా?

పొగగూడు పడమటి దేశాల ఫ్యాషన్ అనేవాళ్ళకి మన చరిత్రే గుర్తుచేయాలి. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు పొగలేని మట్టిపొయ్యిని తయారుచేశారు. ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టుకునేలా, చివర పొగగొట్టంతో. ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ పేరుతో ఆయన పుస్తకం 1953లో మద్రాసు నుంచి వచ్చింది. కోట్లమందికి పొగలేని వంటిళ్ళు కావాలని ఒక తెలుగునేల ఇంజనీరు ఏడు దశాబ్దాల కిందటే ఆలోచించాడు. ఆ తర్వాత 1983-84లో కేంద్రం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2002లో కేంద్రం చేతులు దులుపుకునే నాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పెట్టించామని లెక్కలు చూపించారు. ఆ పొయ్యిలేవి? లెక్క కోసం కట్టినవి కొన్ని, గిన్నెల సైజుకి సరిపోనివి కొన్ని, గొట్టం మసిపట్టి మూసుకుపోయాక ఎవరూ శుభ్రం చేయక కూలిపోయినవి ఎన్నో. పొయ్యి ముందు కూర్చునే ఆడమనిషిని ఒక్కమాట అడగకుండా, రిపేరు ఆమెకు నేర్పకుండా, టార్గెట్లు పెట్టుకుని పోయిన పథకం అంతకన్నా ఎట్లా అవుతుంది?

ఇక్కడ ఒక విమర్శ వస్తుందని నాకు తెలుసు. చిమ్నీల గోల మధ్యతరగతి ఆడవాళ్ళదేననీ, గోడే లేనివాళ్ళ సంగతేమిటనీ. న్యాయమైన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో శుభ్రమైన వంట ఇంధనం వాడే ఇళ్ళు నూటికి 58.6. మన రాష్ట్రంలో అంతకన్నా ఎక్కువే. కానీ మా ఊరు దాటి పులికాట్ పక్క పల్లెలకు, యానాది కాలనీలకు రండి. గ్యాసు పొయ్యి మూలన ఉంటుంది, బయట మూడు రాళ్ళ మీద సర్కారు తుమ్మ కంప మండుతుంటుంది. 2024 దీపావళి నుంచి రాష్ట్రం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంది. నలుగురున్న ఇంట్లో మూడు సిలిండర్లు పన్నెండు నెలలు వస్తాయా? మిగతా రోజులు కంపే గతి. ఒకప్పుడు శ్రీహరికోట అడవి కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో మద్రాసు పొయ్యిల్లోకి పోయేవి. ఆ ద్వీపంలో షార్ కేంద్రం వచ్చినప్పుడు అక్కడి యానాదులు కదలాల్సి వచ్చింది. 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగురుతున్నాయి. ఎగిరిన ప్రతిసారీ ఊరంతా మేడలెక్కి ఆ పొగను చూసి చప్పట్లు కొడుతుంది. కాలనీలో కంపపొగ మాత్రం ఎవరి కంటికీ ఆనదు.

గోడ లేకపోయినా పొగగూడు సాధ్యమే. దానికి మోటారూ అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. వేడిపొగ తనంతట తానే పైకి పోతుంది. దారి చూపడానికి గంట ఆకారంలో ఒక రేకు గూడు, కప్పు దాటేంత ఎత్తు గొట్టం ఉంటే చాలు. 1990ల చివర్లో కెన్యాలోని కజియాడోలో మసాయి స్త్రీల ఇళ్ళల్లో ఇట్లాంటివే పెట్టారు. ఇంటర్మీడియట్ టెక్నాలజీ అనే సంస్థ అక్కడి ఆడవాళ్ళతో కూర్చుని, వాళ్ళ ఇళ్ళకీ వాళ్ళ పొయ్యిలకీ సరిపోయేలా రేకు గూళ్ళు తయారుచేయించింది. ముందూ తర్వాతా కొలిచి చూస్తే పొగ బాగా తగ్గింది. మసాయి స్త్రీలకు చేతనైంది మన పొదుపు సంఘాలకు చేతకాదా? రేకు వంచడం, గొట్టం తోమడం, గూడు బిగించడం ఆడవాళ్ళకు నేర్పి, ఆ పనికి కూలి ఇస్తే అది ఉపాధి కూడా అవుతుంది.

ఇంకో వైపు నుంచి మిత్రులే అడుగుతారు. వంటింటి నుంచి బయటపడమని కదా మన పోరాటం, దాన్ని బాగుచేసుకుని అక్కడే కూర్చోమంటావా అని. కాదు. జైల్లో ఉన్నవాళ్ళు విడుదల కోసమూ పోరాడతారు, తాగేనీళ్ళ కోసమూ పోరాడతారు. ఒకటి అడిగినందుకు రెండోది వదులుకున్నట్టు కాదు. అయితే ఆ హెచ్చరిక మనం మర్చిపోకూడదు. ‘చిమ్నీ పెట్టించాంగా, ఇక నీకేం కష్టం’ అనే మాట రేపు ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. పొగ తగ్గినంతమాత్రాన ఆ 299 నిమిషాలు తగ్గవు. మా ఇంట్లో గూడు ఎత్తు కొలిచేటప్పుడు నా భర్తనీ పొయ్యి ముందు నిలబెట్టి, ఆయన తలకి తగలకుండా చూసి మరీ బిగించాం. ఎవరు వండబోతున్నారో గోడమీద గుర్తుపెట్టుకునేటప్పుడే తేల్చుకోవాలి.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 2005 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి వంటింటికి ఏమేం ఉండాలో వరసగా చెప్పింది. గిన్నెలు కడిగే నీళ్ళు పోయే దారి ఉండాలంది, నీళ్ళు ఇంకని నేల ఉండాలంది, కిటికీయో వెంటిలేటరో ఉండాలంది. పొగగొట్టం దగ్గరికి వచ్చేసరికి ‘అవసరమనిపిస్తే’ అంది. ఎవరికి అనిపిస్తే? ఇంజనీరుకా, కాంట్రాక్టరుకా, ఇంటి యజమానికా? వాళ్ళలో పొయ్యి ముందు రోజుకి రెండు గంటలు నిలబడేవాళ్ళు ఎందరు? ఎలివేషన్‌కి లక్షలు పోసేవాళ్ళకు, గడప పూజకి ముహూర్తం చూసేవాళ్ళకు ఆరంగుళాల గొట్టం అవసరమని ఏనాటికీ అనిపించదు. కాలుష్యం లేని నీరూ గాలీ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లోనే సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణం వీధిగుమ్మం దగ్గరే ఆగిపోతుందని ఎక్కడా రాయలేదు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. ఒకటి, ‘అవసరమనిపిస్తే’ అన్న ధోరణి పోవాలి. మున్సిపాలిటీ, పంచాయతీ ప్లాను ఆమోదించే ప్రతి ఇంటికీ వంటింటి గోడలో ఆరంగుళాల పొగదారి తప్పనిసరి కావాలి. ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ ఇల్లు కనీసం 25 చదరపు మీటర్లుండాలని, అందులోనే పరిశుభ్రమైన వంటచోటు ఉండాలని ప్రభుత్వమే అంటోంది. పొగ పోయే దారి లేని వంటచోటు పరిశుభ్రం ఎట్లా అవుతుంది? ఇల్లు కట్టేటప్పుడే గోడలో ఒక సిమెంటు గొట్టం ముక్క వదిలితే అయ్యే ఖర్చు ఎంత? రెండు, అద్దెకున్నవాళ్ళు తమ ఖర్చుతో పొగదారి పెట్టుకుంటే యజమాని అడ్డుపడకూడదు. తిండి వాసన పేరుతో ఖాళీ చేయించడం నేరం కావాలి. మూడు, కట్టెల పొయ్యి వాడే ప్రతి ఇంటికీ ఉచితంగా రేకు పొగగూడు ఇవ్వాలి, దాని తయారీ, మరమ్మతు ఆడవాళ్ళ చేతుల్లో ఉండాలి. నాలుగు, బడుల్లో మధ్యాహ్న భోజనం వండే స్త్రీలు, అంగన్‌వాడీ ఆయాలు ప్రభుత్వం కోసమే వండుతున్నారు. వాళ్ళ వంటషెడ్లలో ఎన్నింటికి పొగగూడు ఉందో ఒకసారి వెళ్ళి చూడండి. వందమంది పిల్లలకు సరిపడా సాంబారు కాచే మనిషి గాలికి ఎవరు జవాబుదారీ? అయిదు, ఇళ్ళల్లో వంటపని చేసే కార్మికుల హక్కుల గురించి 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒడంబడిక చేసింది. ఆరోగ్యకరమైన పనిచోటు వాళ్ళ హక్కని అందులో ఉంది. భారత ప్రభుత్వం ఇంకా దానికి కట్టుబడలేదు. కట్టుబడాలి.

సూళ్లూరుపేటలో మా వీధి ఆడవాళ్ళం కొందరం మున్సిపల్ ఆఫీసులో ఇవ్వడానికి అర్జీ రాసుకుంటున్నాం. మొదటి మూడు డిమాండ్లు అందులో ఉన్నాయి. మీ ఊళ్ళోనూ రాయండి. రాసేముందు ఒక పని చేయండి. రేపు వంట అయ్యాక మీ వంటింటి గోడలో గాలి బయటికి పోయే దారి ఎన్ని అంగుళాలుందో టేపు పెట్టి కొలవండి. ఆ అంకెని అర్జీలో మొదటి వాక్యంగా పెట్టండి.